పొంతన కుదిర్చిన మనిషి: స్టైన్‌మెట్జ్

మన స్వర్ణోత్సవ సంచికలో మహనీయుల పుటకు ఒక జీవితం రాసి పంపమని సంపాదకవర్గం వారు కబురు చేశారు. దేశ నాయకుల గురించి, కవుల గురించి రాయగలవారు మన సంఘంలో నాకంటే సమర్థులు చాలామంది ఉన్నారు. నేను 34 ఏళ్లు విద్యుత్ శాఖలో, అందులో ఎక్కువ భాగం సబ్‌స్టేషన్లలో పనిచేసి రిటైరయినవాణ్ణి. అందుకని మా వృత్తిలోని పెద్దాయన ఒకరిని మీకు పరిచయం చేద్దామనుకున్నాను. ఆయన పేరు చార్లెస్ ప్రోటియస్ స్టైన్‌మెట్జ్. మన దేశం మనిషి కాదు, మన కాలం మనిషీ కాదు. చనిపోయి నూరేళ్లు దాటింది. అయినా ఆయన్నే ఎందుకు ఎంచుకున్నానో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ముందుగా ఆయన పని ఏమిటో అర్థం కావాలంటే ఒక చిన్న విషయం చెప్పుకోవాలి. మన ఇళ్లకు వచ్చే కరెంటు ఒకే దిక్కున పారదు. సెకనుకు 50 సార్లు ఇటూ అటూ ఊగుతుంది. దీన్నే మన ఫిజిక్స్ పుస్తకంలో పౌనఃపున్యం అని చదువుకున్నాం. పనిలో దిగాక అందరం ఫ్రీక్వెన్సీ అనే అన్నాం. అమెరికాలో అది 60. ఈ రెండు అంకెలూ ఇప్పుడు మనకు దేవుడు రాసిపెట్టినట్టు కనిపిస్తాయి కానీ, 1890లలో ఎవరి అంకె వాళ్లదే. ఒక కంపెనీ 133, ఇంకొక కంపెనీ 125, మరొకచోట 60, ఒకచోట 50, వేరొకచోట 40. నయాగరా జలపాతం దగ్గర 1895లో తిరగడం మొదలుపెట్టిన పెద్ద జనరేటర్లు 25తో వచ్చాయి. ఒక ఊరి కరెంటు పక్క ఊరి మోటారుకు పనికిరాదు. ఒక్కో కేంద్రం ఒక్కో ద్వీపం.

ఇలా ఎందుకు జరిగిందంటే, ఎవరి అవసరానికి వారి లెక్క సరైనదే. దీపాలు వెలిగించేవారికి ఫ్రీక్వెన్సీ ఎక్కువగా ఉండాలి, లేకపోతే వెలుగు రెపరెపలాడుతుంది. పెద్ద మోటార్లు నడిపేవారికి, ఏసీని డీసీగా మార్చే తిరుగుడు యంత్రాలు వాడేవారికి తక్కువగా ఉండాలి. ఎక్కువ పెడితే ఇనుములో నష్టం పెరుగుతుంది. మరీ తక్కువ పెడితే ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇనుము ఎక్కువ కావాలి, బరువూ ఖర్చూ పెరుగుతాయి. ఇనుములో పోయే ఆ నష్టం ఎంత అన్నది అప్పటికి ఎవరూ ముందుగా లెక్కకట్టలేకపోయేవారు. యంత్రం తయారుచేసి, నడిపి, అది వేడెక్కితే అప్పుడు చూసుకునేవారు. ఈ చీకట్లో దీపం పెట్టినవాడు స్టైన్‌మెట్జ్.

ఆయన 1865 ఏప్రిల్ 9న అప్పటి ప్రష్యాలోని బ్రెస్లావ్ నగరంలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది, వ్రోత్స్వాఫ్ అంటారు. తండ్రి రైల్వేలో లితోగ్రాఫరు. పిల్లవాడికి పుట్టుకతోనే వీపు మీద గూని. తుంటి సరిగా లేక నడక వంకర. తండ్రికీ తాతకూ కూడా అదే గూని. అది వంశంలో వస్తున్న లోపం. ఏడాది పిల్లవాడిగా ఉండగానే తల్లి పోయింది. నాయనమ్మ పెంచింది. పెరిగి పెద్దయ్యాక కూడా ఆయన ఎత్తు నాలుగడుగుల మీద కొద్దిగానే.

బడిలో మొదట్లో లెక్కలు వచ్చేవి కావని చెబుతారు. తరవాత లెక్కలే ఆయన ప్రాణమయ్యాయి. 1883లో బ్రెస్లావ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడి గణిత విద్యార్థుల సంఘంలో స్నేహితులు ఆయనకు ప్రోటియస్ అని పేరు పెట్టారు. ప్రోటియస్ గ్రీకు పురాణాల్లోని సముద్ర వృద్ధుడు, ఎప్పటికప్పుడు రూపం మార్చుకోగలవాడు. ఎవరికీ ఒక పట్టాన చిక్కడు, చిక్కితే మాత్రం నిజం చెబుతాడు. స్నేహితులు వేళాకోళానికి పెట్టారో ముద్దుకు పెట్టారో గానీ, ఆ పేరును ఆయన అవమానం అనుకోలేదు. అమెరికా పౌరుడయ్యేటప్పుడు కార్ల్‌ను చార్లెస్ చేసుకుని, మధ్యనున్న రెండు పేర్లూ తీసేసి, ప్రోటియస్ అనే పెట్టుకున్నాడు.

ఆ రోజుల్లో జర్మనీలో బిస్మార్క్ ప్రభుత్వం సోషలిస్టుల మీద నిషేధం పెట్టింది. స్టైన్‌మెట్జ్ సోషలిస్టు విద్యార్థుల్లో కలిశాడు, వాళ్ల పత్రికకు రాశాడు. పోలీసుల కన్ను పడింది. డాక్టరేటు చేతికి వచ్చే వేళకు, 1888లో, ఊరు విడిచి పారిపోవలసి వచ్చింది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ చేరి కొన్నాళ్లు మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు. అక్కడ గదిలో తోడున్న అస్ముస్సెన్ అనే స్నేహితుడు అమెరికా వెళుతుంటే ఆయనతోపాటు ఓడ ఎక్కాడు. ప్రయాణం మూడో తరగతిలో.

1889లో న్యూయార్కు రేవులో దిగేసరికి చేతిలో డబ్బు లేదు, ఇంగ్లీషు రాదు, మనిషి చూడబోతే గూనివాడు. వలస అధికారులు ఇతణ్ణి దేశంలోకి రానివ్వడానికి సందేహించారు. పనికి పనికిరాడు, ప్రభుత్వానికి భారమవుతాడు అన్నది వాళ్ల భయం. అస్ముస్సెన్ ముందుకొచ్చి పూచీ పడ్డాడు కనుక సరిపోయింది. ఆ స్నేహితుడు ఆ పూట పక్కన లేకపోతే, ఆ మనిషిని వచ్చిన దారినే తిప్పి పంపేసేవారు. మనిషి విలువను ఒక్క చూపులో కట్టేవారు ప్రతి గుమ్మం దగ్గరా ఉంటారు. పూచీ పడేవారు మాత్రం అరుదు.

యాంకర్స్ అనే ఊళ్లో ఐకెమేయర్ అనే ఆయనకు కార్ఖానా ఉండేది. టోపీలు తయారుచేసే యంత్రాలతో మొదలై విద్యుత్ మోటార్ల దాకా వచ్చినవాడు. ఆయన కూడా జర్మనీ నుంచి వచ్చినవాడే. స్టైన్‌మెట్జ్‌కు డ్రాఫ్ట్స్‌మన్‌గా వారానికి 12 డాలర్లకు పని ఇచ్చాడు. కొన్నాళ్లకే ఇతని తలకాయ ఏమిటో గ్రహించి చిన్న ప్రయోగశాల ఏర్పాటుచేసి ఇచ్చాడు. అక్కడే స్టైన్‌మెట్జ్ ఇనుములోని నష్టం సంగతి పట్టుకున్నాడు.

ఇనుమును ఒక దిక్కుకు అయస్కాంతం చేసి, వెంటనే ఎదురు దిక్కుకు తిప్పితే, అది మొండికేస్తుంది. ఆ మొండితనాన్ని వంచడానికి అయ్యే శక్తి వేడిగా పోతుంది. దీన్ని హిస్టరిసిస్ అంటాం. ఎన్నో రకాల ఇనుము ముక్కలమీద కొలతలు తీసి, పాత కొలతలు కూడా తిరగేసి, 1892 జనవరిలో అమెరికా ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంఘం ముందు ఆయన తన సూత్రం పెట్టాడు. ఒక్కో చుట్టుకు పోయే నష్టం అయస్కాంత సాంద్రతకు 1.6 ఘాతంలో పెరుగుతుంది. సెకనుకు ఎన్ని చుట్లు తిరిగితే నష్టం అన్ని రెట్లు. అంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపు చేస్తే, సాంద్రత మారకపోతే, ఈ నష్టం కూడా రెట్టింపు. ఇక యంత్రాన్ని కాల్చి చూడక్కరలేదు, కాగితం మీదే లెక్కకట్టుకోవచ్చు. అప్పటికి ఆయన వయసు 26. దేశంలో అడుగుపెట్టి మూడేళ్లు నిండలేదు.

ఆ తరువాతి ఏడాది చికాగోలో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభలో మరో పద్ధతి చెప్పాడు. ఏసీ లెక్కలు అప్పటిదాకా కలన గణితంతో పేజీలకు పేజీలు నడిచేవి. సంకీర్ణ సంఖ్యలు వాడితే వాటిని మామూలు బీజగణితంతో తేల్చవచ్చని చూపించాడు. మన ఇంటర్మీడియట్ లెక్కల్లో మైనస్ ఒకటికి వర్గమూలం ఎందుకురా బాబూ అని విసుక్కున్నవాళ్లం మనలో చాలామందిమి. ఇంజనీరింగ్‌లో చేరినవాళ్లకు అదెందుకో తెలిసింది స్టైన్‌మెట్జ్ పుణ్యాన.

ఈలోగా జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఐకెమేయర్ కార్ఖానాను కొనేసింది. దానితోపాటు స్టైన్‌మెట్జ్ కూడా ఆ కంపెనీలోకి వచ్చాడు. 1894లో న్యూయార్కు రాష్ట్రంలోని షెనెక్టడీకి మారాడు. మిగిలిన 29 ఏళ్లూ ఆయనకు అదే ఊరు.

ఇప్పుడు ద్వీపాల సంగతికి వద్దాం. 25 సైకిళ్ల కేంద్రం నుంచి 60 సైకిళ్ల ఊరికి కరెంటు ఎలా ఇవ్వాలి? వోల్టేజి మార్చడానికి ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, కదలని యంత్రం. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఫ్రీక్వెన్సీని మాత్రం మార్చదు. 25 పోస్తే 25 వస్తుంది.

అందరికీ తట్టే మార్గం ఒక మోటారునూ ఒక జనరేటరునూ ఒకే ఇరుసు మీద కలపడం. సింక్రనస్ యంత్రం వేగం దాని ధ్రువాల సంఖ్యను బట్టి, కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. 10 ధ్రువాల మోటారుకు 25 సైకిళ్లు ఇస్తే నిమిషానికి 300 చుట్లు తిరుగుతుంది. అదే ఇరుసు మీద 24 ధ్రువాల జనరేటరు పెడితే, ఆ 300 చుట్లకే 60 సైకిళ్లు పుడతాయి. లెక్క మన హైస్కూలు పిల్లలు కూడా చేయవచ్చు: చుట్లను ధ్రువాల సంఖ్యతో గుణించి 120తో భాగిస్తే ఫ్రీక్వెన్సీ వస్తుంది. పద్ధతి గట్టిది, నమ్మకమైనది. కాకపోతే అక్కరకొచ్చే కరెంటంతా ఒకసారి యాంత్రిక శక్తిగా మారి మళ్లీ కరెంటు కావాలి. రెండు యంత్రాలూ పూర్తి సామర్థ్యానివి ఉండాలి.

స్టైన్‌మెట్జ్ ఈ సంగతిని ఇంకో వైపు నుంచి చూశాడు. ఇండక్షన్ మోటారు అంటే ఏమిటి? బయట చుట్టిన తీగల్లో కరెంటు, లోపల తిరిగే రోటరులో దానివల్ల పుట్టిన కరెంటు. అది ఒక ట్రాన్స్‌ఫార్మరే, కాకపోతే దాని రెండో చుట్టకు తిరిగే స్వేచ్ఛ ఉంది. రోటరును కదలకుండా పట్టుకుంటే అందులో బయటి ఫ్రీక్వెన్సీయే వస్తుంది. క్షేత్రం తిరిగే దిక్కునే తిరగనిస్తే తగ్గుతుంది. ఎదురు దిక్కుకు తిప్పితే పెరుగుతుంది. 25 సైకిళ్ల క్షేత్రానికి ఎదురుగా, ఆ క్షేత్రం వేగానికి 1.4 రెట్ల వేగంతో రోటరును తిప్పితే, రోటరు నుంచి 60 సైకిళ్లు తీసుకోవచ్చు. నష్టాలు పక్కన పెడితే, బయటికి వచ్చే 60 పాళ్ల శక్తిలో 25 పాళ్లు ట్రాన్స్‌ఫార్మర్‌లో లాగా నేరుగా దాటుతాయి. మిగతా 35 పాళ్లే తిప్పే మోటారు ఇవ్వాలి. ట్రాన్స్‌ఫార్మరూ మోటారూ ఫ్రీక్వెన్సీ మార్చే యంత్రమూ వేరువేరు జాతులు కావని, ఒకే యంత్రానికి మూడు అవతారాలని తన పుస్తకాల్లో విడమరచి రాశాడు. ప్రోటియస్ అనే పేరుకు తగిన పని.

మూడో మార్గం ఏసీని డీసీ చేసి, ఆ డీసీని మళ్లీ కావలసిన ఫ్రీక్వెన్సీ ఉన్న ఏసీ చేయడం. డీసీకి ఫ్రీక్వెన్సీ ఉండదు కనుక ఇటువైపు అంకెకూ అటువైపు అంకెకూ సంబంధం ఉండదు. ఆయన కాలంలో దీనికి మొదటి సగం పాదరస ఆర్క్ రెక్టిఫయర్లతో మొదలైంది. వాటిమీద కూడా ఆయన పనిచేశాడు. రెండో సగం పెద్ద ఎత్తున కుదరడానికి ఆయన తరవాత చాలా ఏళ్లు పట్టింది. జపానులో తూర్పు సగం 50, పడమటి సగం 60. మొదట్లో ఒకవైపు జర్మనీ యంత్రాలు, మరోవైపు అమెరికా యంత్రాలు కొన్న ఫలితం ఇది. 1965లో సకుమా దగ్గర 300 మెగావాట్ల మార్పిడి కేంద్రం ఈ మూడో పద్ధతిలోనే కట్టారు. 2011 సునామీలో తూర్పున కేంద్రాలు ఆగిపోయినప్పుడు, పడమట కరెంటు ఉండి కూడా కావలసినంత ఇటు పంపలేకపోయారు. మధ్యనున్న ఇరుకు దారులు చాలలేదు.

ఇదంతా పరాయి దేశాల గొడవ అనుకోకండి. 1902లో కావేరి మీద శివసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల దూరం కోలారు బంగారు గనులకు కరెంటు వెళ్లింది. ఆ జనరేటర్లు స్టైన్‌మెట్జ్ పనిచేసిన కంపెనీవే, ఫ్రీక్వెన్సీ 25. ఆ గనుల్లో చెమటోడ్చినవారిలో మన చిత్తూరు సీమ నుంచి వెళ్లిన తెలుగువారూ ఉన్నారు. ఇక మనకు ఇంకా దగ్గర ఉదాహరణ విశాఖపట్నం పక్కనున్న గాజువాక. దక్షిణాది గ్రిడ్డూ తూర్పు గ్రిడ్డూ రెండూ పేరుకు 50 సైకిళ్లవే అయినా, ఒకే క్షణాన ఒకటి కాస్త కిందకు, ఒకటి కాస్త పైకి ఉండేవి. నేరుగా కలిపితే ప్రమాదం. అందుకని 1999లో అక్కడ 500 మెగావాట్ల బ్యాక్ టు బ్యాక్ కేంద్రం పెట్టారు. ఒక గోడకు ఇటువైపు ఏసీ డీసీ అవుతుంది, అటువైపు డీసీ మళ్లీ ఏసీ అవుతుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరు లైనుతో దక్షిణాది మిగతా దేశంతో ఒకే తాళంలో కలిసేదాకా, మనకూ దేశానికీ మధ్య కరెంటు ఎక్కువగా ఇలాంటి వంతెనల మీదుగానే నడిచింది.

స్టైన్‌మెట్జ్ సొంత జీవితం గురించి కూడా చెప్పాలి. తన లోపం పిల్లలకు వస్తుందన్న భయంతో ఆయన పెళ్లి చేసుకోలేదు. తన ప్రయోగశాలలో సహాయకుడిగా పనిచేసే హేడెన్ అనే యువకుణ్ణి తన పెద్ద ఇంట్లో కాపురం పెట్టమన్నాడు. భార్యతో వచ్చి అతను అక్కడే ఉండిపోయాడు. తరవాత ఆయన హేడెన్‌ను చట్టప్రకారం దత్తత తీసుకున్నాడు. హేడెన్ పిల్లలు ముగ్గురికీ ఈయనే తాత. సాయంత్రాలు వాళ్లకు కథలు చెబుతూ గడిపేవాడు. నోట్లో ఎప్పుడూ చుట్ట. ఇంట్లో కాక్టస్ మొక్కలు, మొసలి జాతి జంతువులు. సెలవుల్లో వాగు ఒడ్డున చిన్న కలప ఇంట్లో ఉండి, పడవ మీద అడ్డంగా పలకలు వేసుకుని లెక్కలు రాసుకునేవాడు. ఒకసారి ఆ ఇంటి మీద పిడుగు పడి అద్దం ముక్కలైతే, ఆ ముక్కలన్నీ ఏరి, పేర్చి అతికించి, పిడుగు ఏ దారిన వెళ్లిందో చదివాడు. 1922లో ప్రయోగశాలలోనే కృత్రిమంగా పిడుగులు పుట్టించి చూపాడు. లైన్లను పిడుగుల నుంచి కాపాడే సాధనాల కోసమే ఆ తాపత్రయం.

పాఠాలు చెప్పడం ఆయనకు ఇష్టం. 1902 నుంచి పదేళ్లకు పైగా ఆ ఊళ్లోని యూనియన్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు. అయితే మన సంచిక చదివేవారికి అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. 1911 ఎన్నికల్లో షెనెక్టడీలో సోషలిస్టు పార్టీ తరఫున లన్ అనే ఆయన మేయరుగా గెలిచాడు. ఆ పాలనలో స్టైన్‌మెట్జ్ ఊరి పాఠశాలల బోర్డుకు అధ్యక్షుడయ్యాడు. కార్ఖానాల కోసం వలసవచ్చిన కుటుంబాలతో ఊరు నిండిపోయిన రోజులవి. బళ్లలో చోటు లేదు. ఆయన పిల్లలకు పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇప్పించడానికి, కొత్త బడులు కట్టించడానికి, బళ్లలో నర్సులను పెట్టడానికి పాటుపడ్డాడు. ఇంగ్లీషు రాని వలస పిల్లలకు, చదువులో వెనకబడిన పిల్లలకు, జబ్బుపడిన పిల్లలకు వేరే తరగతులు పెట్టించాడు. ప్రపంచమంతా పేరున్న శాస్త్రవేత్త, ఒక ఊరి బడుల్లో గదులు, బెంచీలు, పుస్తకాల లెక్కలు చూస్తూ సాయంత్రాలు గడిపాడు. రేవులో తనను ఆపిన చూపు ఆయనకు గుర్తుండే ఉంటుందని నేను అనుకుంటాను.

1923లో పిల్లలతో కలిసి అమెరికా పడమటి తీరం దాకా తిరిగివచ్చాడు. ఆ అలసట నుంచి తేరుకోలేదు. అక్టోబరు 26 ఉదయం మంచం మీదే ప్రాణం పోయింది. అప్పటికి 58 ఏళ్లు. ఆయన పేరున సుమారు 200 పేటెంట్లున్నాయి. సమాధి ఆ ఊళ్లోనే ఉంది.

ఇక ఈయన్నే ఎందుకు ఎంచుకున్నానో చెప్పి ముగిస్తాను. మా బ్యాచ్‌లో పోలియో వచ్చిన ఒక సహాధ్యాయి ఉండేవాడు. పేరు రాయను, మా వాళ్లకు తెలుసు. ఏడో తరగతి వరకు లెక్కల్లో అందరికంటే ముందు. ఎనిమిదో తరగతి మేడ మీద. రోజూ మెట్ల దగ్గర ఎవరో ఒకరం ఎత్తుకునేవాళ్లం. అది వాడికి నామోషీ అయ్యింది. దసరా సెలవుల తరవాత రాలేదు. మాస్టార్లు ఇంటికి వెళ్లి అడిగారు, అయినా రాలేదు. ఆ తరవాత వాడు ఊళ్లో సైకిల్ షాపు పెట్టుకుని గౌరవంగానే బతికాడు. కానీ వాడికి రావలసిన లెక్కలు వాడికి రాలేదు. ఒక్క తరగతి గది కిందకు మార్చి ఉంటే సరిపోయే పని అది. ఆ రోజుల్లో ఎవరికీ తట్టలేదు.

ఇప్పటికీ మన బడిలో పై తరగతులు మేడ మీదే ఉన్నాయి. సైన్సు ల్యాబ్ కూడా పైనే. ర్యాంపు లేదు. స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం దగ్గర ఆర్చి కట్టాలని ఒక ప్రతిపాదన ఉంది. ఆర్చి అందంగానే ఉంటుంది, దాని మీద మన బ్యాచ్‌ల పేర్లు కూడా ఉంటాయి. ఆ ప్రతిపాదన చేసిన పెద్దలంటే నాకు గౌరవం. నా మనవి ఒక్కటే. ముందు ర్యాంపు, కింద ఒక ల్యాబ్ గది, వీల్‌చైర్ పట్టే మరుగుదొడ్డి. డబ్బు మిగిలితే ఆర్చి. ర్యాంపు వాలు, కొలతలు, ఖర్చు అంచనా మా బ్యాచ్‌లోని సివిల్ ఇంజనీరు మిత్రుడి చేత వేయించి ఇప్పటికే కార్యదర్శి గారికి ఇచ్చాను. ర్యాంపు ఖర్చులో నాలుగో వంతు నేను భరిస్తాను.

పిల్లలందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో రారు. ఇరవై అయిదూ వస్తారు, అరవయ్యీ వస్తారు. వాళ్లను బయట నిలబెట్టడం తేలిక. మధ్యలో ఒక యంత్రం పెట్టి కలుపుకోవడానికి కొంచెం ఇనుము, కొంచెం రాగి, కొంచెం బుద్ధి కావాలి. ఉత్సవాల తరవాత జరిగే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు వస్తుంది. దూరాన ఉన్నవారు కూడా వీలు చేసుకుని రండి. రాలేనివారు మీ అభిప్రాయం కార్యదర్శి గారికి రాసి పంపండి.